తొమ్మిదో తారీకు ఫొటో

సెప్టెంబరు 2, మంగళవారం

అట్ట మీద పెద్ద కన్ను బొమ్మ ఉంది. రాస్తున్నంతసేపూ నన్నే చూస్తున్నట్టుందని దానిమీద పాత కాగితం అట్ట వేసి, అప్పుడు మొదలుపెట్టాను.

కళ్ళాసుపత్రి వాళ్ళు ఆయనకిచ్చిన డైరీ ఇది. వాళ్ళ వెబ్‌సైటు ఈయనే చేస్తున్నారు. ఎనిమిది నెలల కాగితాలు ఖాళీగా పోయాయి. మిగిలినవి నువ్వు రాసుకో, చేతిరాత కుదురుతుంది అని నా చేతిలో పెట్టారు. ఏం రాయాలో చెప్పలేదు. ఎవరూ చదవరు కాబట్టి తోచింది రాస్తాను.

ఈ రోజు కూడా తొమ్మిది కాకముందే గుమ్మం దగ్గర ఆ చెప్పులున్నాయి. నల్ల పట్టీలవి. ఆయన చెప్పులకి ఆనించి విడిచింది. ఊడవడానికి అడ్డమని వాటిని ఆ చివరికి జరిపాను. ఊడ్చాక మళ్ళీ ఇటు జరపడం మర్చిపోయాను.

ఆమె పేరు ఈ పుస్తకంలో రాయను. ఎప్పుడు చూసినా కాగితం మీద గళ్ళు గీస్తూ ఉంటుంది, ఈ గడిలో బొమ్మ, ఆ గడిలో మాటలు అని. గళ్ళావిడ అంటాను. మూడు నెలల నుంచి ఆయనతో కలిసి పని చెయ్యడానికి వస్తోంది.

సెప్టెంబరు 3, బుధవారం

ముందుగది ఇప్పుడు వాళ్ళ ఆఫీసు. ఒక బల్ల, రెండు కుర్చీలు, పెద్ద కంప్యూటర్. గోడకి కొట్టిన చెక్క మీద ఏడు ఫోన్లు, ఒక టాబ్. ఒక్కోటి ఒక్కో సైజు.

పెళ్ళయిన కొత్తలో ఆయన పని ఏమిటని అడిగితే ఇలా చెప్పారు. ఒకే పేజీ గోడంత తెర మీదా బాగుండాలి, అరచేతిలో పట్టే తెర మీదా బాగుండాలి. బెంచీ మీద నలుగురు కూర్చున్నచోటికి ఐదోమనిషి వస్తే అందరూ తలా కాస్త జరిగి సర్దుకుంటారు చూడు, పేజీ అలా సర్దుకోవాలి. నాకు వెంటనే అర్థమైంది. ఒక్కోసారి ఎవరో ఒకరు లేచి నిలబడాల్సి వస్తుందని మాత్రం ఆయన చెప్పలేదు.

అప్పట్లో పరీక్ష నాది. పేజీ తయారయ్యాక ఫోన్లన్నీ తుడిచి వరసగా పెట్టేదాన్ని. ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నేనేమీ చెప్పను, నీకేం తోస్తే అది నొక్కు అనేవారు. ఒకసారి ఫొటో స్టూడియో వాళ్ళ పేజీలో నా బొటనవేలు పై మూలకి అందలేదు. ఒంటి చేత్తో పట్టుకున్నాను మరి, రెండో చేతిలో గరిటె ఉంది. ఆయన గంతేసినంత పని చేశారు.

"నీకంటే మంచి పరీక్ష ఎక్కడా లేదోయ్" అన్నారు.

ఆ మాట అన్నప్పుడు అత్తయ్య కూడా అక్కడే ఉంది. కావాలంటే అడగొచ్చు.

గళ్ళావిడ ఫోన్లు ముట్టుకోదు. పెద్ద తెర మీదే పేజీ అంచు పట్టుకుని లోపలికి లాగుతుంది. పేజీ సన్నబడుతున్న కొద్దీ పక్కపక్కనున్న గళ్ళు ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ఇదిగో గురూ ఇది టాబ్, ఇదిగో ఇది ఫోన్ అంటుంది. పరీక్ష అయిపోయింది. ఆయన తల ఊపుతారు. ఆయన్ని గురూ అంటుంది. నువ్వు అంటుంది. నన్ను మాత్రం మీరు, అండి.

ఫోన్లు ఇప్పటికీ రోజూ తుడుస్తున్నాను. ఎవరూ తుడవమనలేదు.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఈ రోజు రెండుసార్లు నవ్వారు. మొదటిసారి ఊరుకున్నాను. రెండోసారి గుమ్మందాకా వెళ్ళి ఏమిటని అడిగాను.

"ఏమీ లేదులే, పని విషయం" అన్నారు ఆయన.

సెప్టెంబరు 6, శనివారం

అత్తయ్యకి గళ్ళావిడ అంటే ఇష్టం. మధ్యాహ్నం నేను వడ్డిస్తుంటే, ఆ పిల్ల వచ్చాక మావాడు వేళకి తింటున్నాడే అంది. రెండేళ్ళుగా వేళకి వండుతున్నది ఎవరో. నా ముఖం చూసి మళ్ళీ సర్దింది.

"నీ వంటకేం వంక పెట్టలేదమ్మా. వాణ్ణి కుర్చీలోంచి లేవగొట్టేవాళ్ళు కావాలి, అంతే."

అంటే లేవగొట్టడం నాకు చేతకాదనే కదా.

చేతకాదు. నిజమే. రెండుసార్లు పిలిచి ఊరుకుంటాను. ఆమె కంప్యూటర్ స్విచ్చి మీద వేలు పెట్టి, లేస్తావా తీసెయ్యనా అంటుంది.

సాయంత్రం ఆయన మంచి వార్త అని చెప్పారు. ఇరవై రెండో తారీకు సోమవారం కళ్ళాసుపత్రి వెబ్‌సైటు మొదలవుతుంది. డాక్టరుకి నచ్చితే, తనకి ఊళ్ళో ఉన్న మిగిలిన నాలుగు ఆసుపత్రులవీ మనకే ఇస్తాడు. అప్పుడు జిరాక్స్ షాపు మీద గది తీసుకుంటారు. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తారు. ఇద్దరూ అక్కడే కూర్చుంటారు.

"ముందుగది నీకు ఖాళీ అవుతుంది. ఎన్నాళ్ళు మా కాళ్ళ చుట్టూ ఊడుస్తావు" అన్నారు, నాకేదో కొని తెచ్చినట్టు.

మంచిదే అన్నాను.

సెప్టెంబరు 8, సోమవారం

కూరలకి వెళ్ళినప్పుడు ఆ గది చూసి వచ్చాను. కింద నుంచి కిటికీ ఒకటే కనిపిస్తుంది. చిన్న గది. రెండు బల్లలు పడతాయి. ఎదురెదురుగా వేస్తారా, పక్కపక్కన వేస్తారా? ఎదురెదురుగా వేస్తే తలెత్తినప్పుడల్లా ఆమె ముఖం. పక్కపక్కన వేస్తే మోచేతులు.

అత్తయ్యని అడిగాను. ఏం బల్లలే అంది. ఏం లేదన్నాను.

సెప్టెంబరు 9, మంగళవారం

పొద్దున ఆసుపత్రి పేజీ లింకు నాకూ అత్తయ్యకీ పంపారు, చూడండి అని. అత్తయ్య డాక్టరు ఫొటో వరకు చూసి, మనిషి చిక్కిపోయాడే అని ఫోన్ పక్కన పడేసింది.

నేను వంటగట్టుకి ఆనుకుని మొత్తం చూశాను. పేరు రాయమంది, రాశాను. ఏ రోజు వస్తారో ఎంచుకోమంది, ఎంచుకున్నాను. ఆ తర్వాత నొక్కడానికి ఏమీ లేదు. "ఖాయం చెయ్యి" అని ఆకుపచ్చ బటన్ ఉండాలి. పెద్ద తెర మీద చూశాను దాన్ని. నా ఫోన్‌లో దాని పై అంచు గోరంత కనిపిస్తోంది, అంతే. పేజీని పైకి తోద్దామంటే కదలదు. ఆ గోరంత మీద నొక్కితే పడదు.

ఆ పేజీ గళ్ళావిడది. మొదటి నుంచి చివరిదాకా ఆమె ఒక్కతే చేసింది. ఆయనే చెప్పారు, రెండుసార్లు.

నా ఫోన్ పాతది కదా. దాని తప్పే అయ్యుంటుంది. స్క్రీన్‌షాట్ ఒకటి తీసి పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు.

ఆయన మంచినీళ్ళకి వచ్చి, చూశావా, ఎలా ఉంది అన్నారు. బాగుంది అన్నాను. ఫోన్ గట్టు మీద బోర్లా పెట్టి అన్నాను.

సెప్టెంబరు 10, బుధవారం

నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

సెప్టెంబరు 11, గురువారం

నిన్న రాసింది అబద్ధం. ఆయన అడిగారు.

కానీ చెప్పాలంటే ఫోన్ చూపించాలి. ఫోన్ చూపిస్తే అక్షరాలు చూస్తారు.

ఏడో తరగతి సగంలో నన్ను బడి మాన్పించారు, తమ్ముళ్ళని చూసుకోవడానికి. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఎంత మెల్లగా చదువుతానో తెలియదు. చిన్న అక్షరాలు బారులుగా ఉంటే ఎక్కడ మొదలుపెట్టానో మర్చిపోతాను. అందుకని ఫోన్‌లో అక్షరాల సైజు చివరికంటా పెంచి పెట్టుకున్నాను. వరసకి మూడు మాటలు పడతాయి. ఒక్కోటీ పట్టుకుని చదువుకుంటాను. అత్తయ్యకి తెలుసు, ఎందుకంటే ఆవిడ ఫోన్‌లో కూడా నేనే పెంచాను. ఆవిడకి కళ్ళు ఆనవు. నావి బాగానే ఉన్నాయి.

పోయిన నెల ఒకరోజు గళ్ళావిడ నా భుజం మీదుగా చూసింది. అంత పెద్ద అక్షరాలేమిటండీ, కళ్ళజోడు పడాలేమో చూపించుకోండి, ఎలాగూ కళ్ళాసుపత్రి మనదే అంది. మంచిగానే అంది. మనదే అంది. ఎవరిది? ఆమెదీ ఆయనదీ. నేను ఫోన్ చీర కొంగులో చుట్టుకుని లోపలికి వచ్చేశాను.

సెప్టెంబరు 12, శుక్రవారం

ముందుగదిలో కిటికీ తలుపులు తుడుస్తుంటే వినిపించింది. వినాలని వినలేదు.

"వెడల్పు ఎంతకైనా సర్దుకుంటుంది గురూ. ఎత్తు మాత్రం కట్టేశాను. గళ్ళన్నీ ఒక్క కొలతలో ఉంటే ఎంత ముచ్చటగా ఉందో చూడు" అంది.

ఆయన, ముచ్చటగానే ఉంది అన్నారు. ఆయన నాతో ఆ మాట ఎప్పుడన్నారో గుర్తు చేసుకుంటే, కర్టెన్లు కుట్టినప్పుడు.

సెప్టెంబరు 15, సోమవారం

అక్షరాలు చిన్నవి చేశాను. బటన్ వచ్చింది. పెద్దవి చేశాను. పోయింది. ఆరుసార్లు చేశాను.

ఫోన్ తప్పు కాదు. ఎత్తు కట్టేశానంది కదా, తప్పు అదే. లోపల బట్ట వదలకుండా కుట్టిన గౌను లాంటి పని. అక్షరం పెరిగితే మాటలు కిందికి దిగుతాయి, బటన్ని కిందికి తోస్తాయి. గడి మాత్రం కదలదు. దాని అంచు దగ్గర బటన్ తెగిపోతుంది. పేజీ అంచు పట్టుకుని ఎంత లాగినా ఇది దొరకదు. వెడల్పు మారుతుంది కానీ అక్షరం మారదు. అంత చదువుకున్న మనిషికి తట్టలేదు. నాకు తట్టింది.

సంతోషంగా ఉంది. రాసుకోవచ్చు కదా, ఎవరూ చదవరు.

గిన్నెలు తోముతూ వచ్చే సోమవారం ఎలా జరుగుతుందో మనసులో నాటకంలా వేసుకున్నాను. డాక్టరు అందరి ముందూ నొక్కబోతాడు. బటన్ ఉండదు. ఆమె ముఖం ఎర్రబడుతుంది. మళ్ళీ మొదటి నుంచి వేసుకున్నాను. మూడోసారి వేసుకుంటుంటే ఒకటి గమనించాను. ఎన్నిసార్లు వేసుకున్నా ఆమె ముఖమే కనిపిస్తోంది. ఆయన ఆ పక్కనే ఉండి ఉంటారు. ఆయన ముఖం ఎలా ఉందో నేను చూడలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

ఆయన డాక్టరుని కలవడానికి వెళ్ళారు. గళ్ళావిడ డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చి, ఒక్కదాన్నే తినలేనండీ, ఇక్కడ కూర్చోనా అంది. కూర్చోవద్దని ఎలా అంటాను? పీట వేశాను.

తిన్నంతసేపూ తనే మాట్లాడింది. ఇంతకుముందు పెద్ద ఆఫీసులో నాలుగేళ్ళు చేసిందట. ఎప్పుడూ ఇంకొకరు గీసిన దానికి రంగులు మార్చడమే పని. ఒక పేజీ మొత్తం ఒంటి చేత్తో చెయ్యడం ఇదే మొదలట. వాళ్ళమ్మకి లింకు పంపితే, ఇందులో నువ్వు చేసింది ఎక్కడుంది అని అడిగిందట. మొత్తం నేనే చేశానమ్మా అంటే నమ్మలేదట.

"ఇది పోయిందనుకోండి, ఇంకెవరూ నన్ను ఒక్కదాన్ని నమ్మి పని ఇవ్వరు" అని మూత పెట్టేసింది. సగం కూడా తినలేదు.

నా ఫోన్ గట్టు మీద ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చాపాను కూడా. ఇంతలో వీధి తలుపు చప్పుడైంది. నేను ఆయనకి మంచినీళ్ళు ముంచేలోపల ఆమె ముందుగదిలో ఉంది. ఏమన్నాడు గురూ, ఒప్పుకున్నాడా అని అడుగుతోంది. ఆయన చెప్పులు విప్పుతూనే చెబుతున్నారు. గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. గ్లాసు తీసుకున్నారు, నా వైపు చూడలేదు.

చెప్పను.

సెప్టెంబరు 18, గురువారం

అత్తయ్యని కంటి పరీక్షకి తీసుకెళ్ళాను. అదే ఆసుపత్రి. చుక్కల మందు వేసి గంట కూర్చోమన్నారు. పెద్ద హాలు, గోడల వెంట బెంచీలు. అరవై మందిదాకా ఉన్నారు, సగం మందికి పైగా ముసలివాళ్ళు.

ఏమీ తోచక చుట్టూ చూశాను. ఒక పెద్దాయన ఫోన్ చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదువుతున్నాడు. నా సీటు నుంచి నాక్కూడా కనిపిస్తున్నాయి అక్షరాలు. వరసకి రెండే మాటలు. ఆయన పక్కావిడదీ అంతే. ఎదురు బెంచీలో ముగ్గురివీ అంతే. లేచి మంచినీళ్ళ వంకన హాలంతా ఒక చుట్టు తిరిగాను. ఎవరి ఫోన్‌లో చూసినా నా అక్షరాలే. ఎవరూ బోర్లా పెట్టుకోవడం లేదు. ఎవరూ సిగ్గుపడటం లేదు.

ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, ఈ చీటీలో ఏముందో చదివి పెట్టమ్మా అంది. చదివాను. మెల్లగానే చదివాను. ఆవిడకి అదే కావలసింది, ఇంకోసారి చదవమంది.

కాగితాలు రాసే నర్సు అత్తయ్యని పలకరించి, సోమవారం మీ అబ్బాయి వాళ్ళదే సందడి కదా అంది. డాక్టరు ఈ హాల్లోనే మొదలుపెడతాడట. కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకర్ని లేపి, వాళ్ళ సొంత ఫోన్‌తోనే మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోమంటాడట.

వాళ్ళ సొంత ఫోన్‌తో.

ఆటోలో అత్తయ్య, అంత ముఖం వేలాడేశావేం, నాకు కళ్ళు పోయాయన్నాడా ఏమిటి డాక్టరు అంది. లేదు, బాగానే ఉన్నాయన్నాడని చెప్పాను. మరి నీకేమైందే అంది. ఇల్లొచ్చిందని చెయ్యి పట్టి దింపాను.

ఆ సోమవారం మళ్ళీ వేసుకున్నాను మనసులో. ఈసారి ఆ పెద్దాయన లేచి నిలబడ్డాడు, చెయ్యి చాచి పట్టుకున్నాడు, బటన్ కోసం వెతుకుతున్నాడు. నాకేం చేతకాదు బాబూ అని సిగ్గుపడి కూర్చున్నాడు. తప్పు తనదే అనుకున్నాడు. ఈసారి మా ఆయన ముఖం కూడా చూశాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

చెప్పలేదు. ఆయన ఒక్కరే దొరకలేదు.

దొరికారు. రెండుసార్లు.

సెప్టెంబరు 20, శనివారం

ఆయన ఆసుపత్రిలో కొత్త ఫొటోలు తియ్యడానికి వెళ్ళారు. గళ్ళావిడ ముందుగదిలో ఒక్కతే ఉంది. ఆయనకి కాకుండా ఆమెకి చెబుదామని ఎందుకు అనిపించిందో. తప్పు చేసింది ఆమె అని కావచ్చు. ఆయన ముందు ఆమె తల దించడం చూడాలని అన్నాళ్ళు అనుకుని, తీరా ఆ సమయం వస్తే నాకే చూడాలనిపించలేదు కావచ్చు.

వెళ్ళి ఫోన్ బల్ల మీద పెట్టాను. ఆసుపత్రి పేజీ తెరిచి ఉంది. ఆమె చూసింది. వేలితో పైకి తోసింది. కదల్లేదు. ఆకుపచ్చ అంచు మీద నొక్కింది. పడలేదు. నా వైపు చూసి, మళ్ళీ ఫోన్ చూసి, చెక్క మీది ఫోన్లన్నీ ఒక్కొక్కటే దించింది. అన్నిట్లో అక్షరాలు పెంచింది. అన్నిట్లో బటన్ పోయింది. ఏడోది కూడా బల్ల మీద పెట్టేసింది.

"సోమవారం హాల్లో..." అని ఆగిపోయింది. తర్వాత, ఇది దాచుకోవాలండీ, స్క్రీన్‌షాట్ ఒకటి తియ్యండి అంది.

"తీసే ఉంది" అన్నాను.

నోరు జారింది. ఆమె అడగకపోయినా నేనే ఆ ఫొటో తెరిచి చూపించాను. అలవాటు, అడగకముందే ఇవ్వడం. పైన తారీకు ఉంది.

"తొమ్మిది" అంది.

"అవును."

"ఈ రోజు ఇరవై."

నేను నేల చూస్తున్నాను. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండును.

"ఎందుకండీ? నేను మిమ్మల్ని ఏమన్నాను?"

ఎన్నో అనుకుని ఉన్నాను. చెప్పులు, నవ్వులు, మనదే అనడం. ఏదీ రాలేదు. "ఆ గదిలో బల్లలు ఎలా వేస్తారు? ఎదురెదురుగానా, పక్కపక్కనా?" అని అడిగాను.

ఆమెకి మొదట అర్థం కాలేదు. తర్వాత అయింది. ముఖంలో అది నెమ్మదిగా దిగడం చూశాను, పేజీ సన్నబడుతుంటే గళ్ళు దిగినట్టే.

"ఒకటి కిటికీ దగ్గర, ఒకటి తలుపు దగ్గర" అంది. "మీ ఆయన పనిచేస్తూ తనలో తను గొణుగుతాడు. పక్కన కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. మీకు ఎలా నిద్ర పడుతుందో." ఫోన్ నా ముందుకి తోసి, "నాకు చాలా కోపంగా ఉందండీ. కానీ ఇప్పుడు టైం లేదు, తర్వాత కోప్పడతాను. స్టూలు లాక్కోండి. అక్షరం ఒక్కో మెట్టు పెంచండి, బటన్ పోగానే ఆపండి" అంది.

స్టూలు లాక్కున్నాను. ఎత్తు విప్పేసింది. ఒక గడి పొడుగు, ఒక గడి పొట్టి అయ్యాయి. ఇప్పుడు ముచ్చటగా లేదు అంది. బటన్ ఉంది అన్నాను. మూడు గంటలు చేశాం. నాలుగో ఫోన్‌లో మాత్రం బటన్ మీద మాటలు పొర్లాయి. అది కూడా నేనే చూశాను.

ఆయన వచ్చేసరికి ఫోన్లన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. ఏమైంది అన్నారు. నేను స్టూలు మీంచి లేచాను.

"అక్షరాలు పెంచితే బటన్ పోతోంది గురూ. నా తప్పే, ఎత్తు కట్టేశాను. ఈవిడ ఈ రోజు చూసి చెప్పారు కాబట్టి బతికాం" అంది గళ్ళావిడ. ఈ రోజు అన్నప్పుడు నా వైపు చూడలేదు.

"నీకంటే మంచి పరీక్ష లేదని అప్పుడే అన్నానా లేదా?" అన్నారు ఆయన.

మూడు నెలలుగా ఆ మాట కోసం ఫోన్లు తుడుస్తున్నాను. వచ్చింది. ముల్లు మింగినట్టు మింగాను.

తర్వాత ఆయన, నీ ఫోన్‌లో అంత పెద్ద అక్షరాలెందుకు అని అడిగారు. ఆమె ముందే అడిగారు. చిన్నవి చదవలేనని చెప్పాను. పెద్దవైనా మెల్లగానే చదువుతానన్నాను. ఒక్కటైనా నిజం చెప్పాలనిపించింది.

"మరి నేను పంపే మెసేజీలు?"

"చదువుతాను. కాస్త ఆలస్యమవుతుంది."

"అందుకా, సరే అని ఒక్క మాట రావడానికి పావుగంట పడుతుంది. అలిగావేమో అనుకునేవాణ్ణి" అన్నారు.

కొన్నిసార్లు అలిగాను కూడా. అది చెప్పలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

ఆయన తన ఫోన్‌లో కూడా అక్షరాలు చివరికంటా పెంచుకున్నారు. పొద్దున్నుంచి అలాగే తిరుగుతున్నారు. ఎందుకురా అని అత్తయ్య అడిగితే, ఇన్నాళ్ళూ ఇలా చూడకపోవడం నా తప్పమ్మా అన్నారు.

ఆయన తప్పంటున్నారు. ఆమె తప్పంది. నాదేమీ లేనట్టే ఉంది ఈ ఇంట్లో.

సెప్టెంబరు 22, సోమవారం

అయింది. డాక్టరు లేపింది నాకు తెలిసినావిడనే, ఆ రోజు చదివి పెట్టమన్నావిడ. ఒక్కో మాటా పైకి చదువుకుంటూ నొక్కింది. హాలంతా చూస్తోంది. "ఖాయం చెయ్యి" అని కూడా పైకే చదివి నొక్కింది. ఫోన్ టింగుమంది. ఇంతేనా అంది. అందరూ నవ్వారు.

నేను వెనక, అత్తయ్య పక్కన నిలబడి ఉన్నాను. ఆయన ముఖం చూశాను. తర్వాత గళ్ళావిడ ముఖం కూడా చూశాను. వాళ్ళమ్మ వచ్చింది. ఆ చివర ఫోన్ పట్టుకుని, ఇదంతా మా పిల్లే చేసింది అని పక్కవాళ్ళకి చెబుతోంది.

మిగిలిన నాలుగు ఆసుపత్రులవీ ఇస్తానన్నాడు.

సెప్టెంబరు 24, బుధవారం

గది తీసుకున్నారు. బల్లలు ఒకటి కిటికీ దగ్గర, ఒకటి తలుపు దగ్గర. ఫోన్లు పెట్టడానికి గోడకి చెక్క కొట్టించారు, దాని కింద స్టూలు వేశారు. సాయంత్రం నాలుగింటికి వచ్చి ఒక గంట చూస్తావా అని ఆయన అడిగారు. నీకు వీలైతేనే అన్నారు. పావుగంట ఆగి సరే అన్నాను. నవ్వారు.

ఈ రోజు మొదటిసారి వెళ్ళాను. జిరాక్స్ షాపు పక్కన మెట్ల మీద గళ్ళావిడ ఎదురైంది. మీ కోసమే దిగుతున్నాను అంది. చెప్పినట్టే కోప్పడింది. పదకొండు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు, మీరు నాకు పీట వేసి, చూస్తూ ఊరుకున్నారు అంది. మా అమ్మ ఆ హాల్లో ఉంది తెలుసా అంది. ఇంకోసారి ఏదైనా కనిపిస్తే ఆ నిమిషంలో చెప్పాలి, నేనంటే పడకపోయినా సరే చెప్పాలి అంది. పడదని ఒప్పుకోవచ్చు కానీ దాచకూడదు అంది. అన్నిటికీ తల ఊపాను. ఫొటో తీసేశారా అని అడిగింది. లేదన్నాను. ఉంచుకోండి, బుద్ధిగా ఉంటారు అంది. ఆమె పెదవి చివర నవ్వులాంటిది వచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం పైకి వెళ్ళేసరికి అది ఇంకా పూర్తిగా పోలేదు.

ఆయన కిటికీ దగ్గర బల్ల మీంచి తలెత్తారు. ముందు నన్ను చూశారు, తర్వాత ఆమెని.

"కింద మెట్ల మీద ఏమిటి అంతసేపు?" అన్నారు.

ఆమె తన కుర్చీలో కూర్చుని గళ్ళ కాగితం ముందుకి లాక్కుంది. జవాబు నాకే వదిలేసింది.

"ఏమీ లేదులెండి, పని విషయం" అన్నాను.

ఆయన బల్ల వైపు తిరిగారు. పెన్ను తీసి మళ్ళీ పెట్టేశారు. ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూశారు. ఆ ముఖం నాకు బాగా తెలుసు. మూడు నెలలు అద్దంలో చూసిన ముఖమే.

పాపం అనిపించింది. స్టూలు మీద కూర్చుని ఫోన్లు తుడవడం మొదలుపెట్టాను.